బేస్ కొట్టే తమ్మునికి నాలుగు మాటలు



మా వీపనగండ్ల, పెబ్బేరు, కొల్లాపూర్ దిక్కు మన వాడల్లో ఇప్పుడు చిన్న చిన్న బ్యాండ్లు తయారవుతున్నాయి. వాటికి పెద్ద పేర్లుండవు, పోస్టర్లుండవు. ప్రార్థనలో కీబోర్డ్ నేర్చిన పిల్లగాడు ఒకడు, ఇంటర్ చదివే సింగర్ చెల్లె, తాత కాలం నుంచి గోడకు వేలాడే డప్పు, హైదరాబాద్ నుంచి ఎవరో పట్టుకొచ్చిన సెకండ్ హ్యాండ్ గిటార్. ఏప్రిల్ వచ్చిందంటే 5న జగ్జీవన్‌రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్. డిసెంబర్‌లో క్రిస్మస్. నడుమ సోపతిగాళ్ల పెండ్లిళ్లు. ఇందులో బతుకుదెరువు లేదు. అందరూ పగలు వేరే పని చేసుకునేవాళ్లే. నేను కూడా కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకుంటూ సెలవు దినాల్లో బేస్ గిటార్ పట్టుకునేవాణ్నే.

పోయిన నెల ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, బేస్ ఇడిసిపెడుతున్న. నేను కొట్టేది ఎవలకూ ఇనబడతలేదు. డప్పు కొడితే మాదిగోడంటరు, గిటార్ కొడితే ఆర్టిస్టంటరు అని ఇది కొన్న. ఇప్పుడు ఆర్టిస్టును గూడ కాలేకపోతిని."

ఆ మూడో వాక్యం నన్ను రెండు రోజులు నిద్రపోనియ్యలేదు. అందుకే ఈసారి సాహిత్యం పక్కన పెట్టి బేస్ గురించి రాస్తున్నా. తమ్ముని బాధలో రెండు ముచ్చట్లున్నాయి. వినబడకపోవడం ఒకటి, డప్పు నుంచి పారిపోవడం రెండు. నా లెక్కలో రెండింటికీ మందు ఒక్కచోటే ఉంది.

ముందు వినబడకపోవడం సంగతి.

బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. దాని పక్కది 55, తర్వాత 73, చివరిది 98. మన సభల్లో స్తంభానికి కట్టే హారన్ మనిషి గొంతును దూరం పంపడానికి చేసింది. 41 లాంటి కింది ధ్వనిని అది పలకలేదు. వేలు అరిగేదాకా కొట్టినా అందులోంచి రాదు. తప్పు నీ వేలిది కాదు, తమ్మీ. అక్కడున్న పెట్టెది.

మరి ఏం చేయాలి? హారన్లు, చిన్న బాక్సులు మాత్రమే ఉన్నచోట లావు తీగ కింది మెట్లలో తిరుగకు. అదే స్వరాన్ని పై స్థాయిలో వాయించు. వేలిని మెడ దగ్గర కాకుండా బ్రిడ్జి వైపు జరుపు. ఆంప్‌లో బేస్ నాబ్ తగ్గించి మిడ్ పెంచు. చాలామంది ఉల్టా చేస్తారు. వినబడకపోతే బేస్ నాబ్ తిప్పేస్తారు, పెట్టె బరబరమంటుంది, ఇంకా వినబడదు. మన చెవికి ఒక గుణముంది. పై ధ్వనులు శుభ్రంగా అందితే, అడుగు ధ్వని లేకున్నా అదే ఊహించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో మనం బేస్ గీతను పోల్చుకోగలిగేది అట్లనే. పెద్ద డీజే బాక్సులున్న రోజు మాత్రం లావు తీగ దగ్గరికి దిగు, కానీ స్వరాలు తగ్గించు.

ప్రార్థన గదుల్లో కథ వేరే. అక్కడ గోడలు దగ్గర, పైన స్లాబో రేకులో. పెట్టెను మూలకు పెడితే రెండు గోడలు కలిసి బేస్‌ను ఉబ్బిస్తాయి. మాటలన్నీ మునిగిపోతాయి. మూల నుంచి బయటకు జరుపు. పెట్టె నేల మీద నీ మోకాళ్లకు పాడుతుంటుంది. కుర్చీ మీద పెట్టు, లేకుంటే ముందు వైపు కింద ఒక ఇటుక పెట్టి నీ చెవి దిక్కు వంచు. అప్పుడు నువ్వు సౌండ్ తగ్గించుకుంటావు, పాస్టరుగారు నీ మీద అరవడం తగ్గిస్తారు.

రెండోది శృతి. మన సింగర్లు ఇంగ్లీషు అక్షరాల్లో స్కేల్ చెప్పరు, హార్మోనియం లెక్కలో చెప్తారు. "నాలుగున్నర" అంటే బిక్కమొహం వేయకు. నీ నాలుగు తీగలు ఆ లెక్కలో, లావు నుంచి సన్నం దాకా, మూడు, ఆరు, రెండు, అయిదు శృతులు. లావు తీగ మీద మొదటి మెట్టు నాలుగు, రెండో మెట్టు నాలుగున్నర, మూడో మెట్టు అయిదు. ఇది గుర్తుపెట్టుకుంటే పాతికేండ్లు పాడిన ముసలి కళాకారుని పక్కన కూడా ధైర్యంగా నిలబడతావు.

'స' దొరికిందా? దాని పై తీగ మీద రెండు మెట్లు ముందుకు పోతే 'ప'. ఇంకో తీగ దాటి అదే మెట్టు మీద పై 'స'. నాలుగున్నర శృతి అయితే లావు తీగ రెండో మెట్టు, రెండో తీగ నాలుగో మెట్టు, మూడో తీగ నాలుగో మెట్టు. మన జానపదంలో సగానికి సగం పాటలు ఈ మూడు చోట్లతో నడిచిపోతాయి. ఒక్క కార్డు చాలే పాటకు కీబోర్డ్ తమ్ముడు నాలుగు కార్డులు అంటగట్టాలని చూస్తాడు. కొట్లాడకు, కూర్చోబెట్టి మాట్లాడు. పాట ఎక్కడ మలుగుతదో పాడే మనిషికి తెలుసు. నువ్వు ఆమె నోటి దిక్కు చూడు, కీబోర్డ్ దిక్కు కాదు.

నేను కావాలనే 'మెట్టు' అంటున్నా. గిటార్ పుస్తకాల్లో దాన్ని ఫ్రెట్ అంటారు. మన పక్క నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. పండుగ సాయన్న కథను ఆ మెట్ల మీదనే మోసుకొచ్చాడు. సొరకాయ బుర్రలు కట్టిన ఆ కర్ర మీద వేలు పెట్టే చోటుకు మనకు ఎప్పటినుంచో పేరుంది. అదే పేరుతో నేర్చుకుంటే పరాయి వాద్యమన్న భయం సగం పోతుంది.

ఇక మూడోది, అసలుది. డప్పు.

బేస్ నేర్పే ప్రతివాడూ మొదట చెప్పే మాట డ్రమ్స్‌లో కాలితో తన్నే పెద్ద డ్రమ్మును పట్టుకోమని. మన బ్యాండ్లలో ఆ డ్రమ్ము ఎక్కడిది? మన దగ్గర డప్పు ఉంది. కుడిచేతి సిర్ర నడుమ పడితే లోతైన దెబ్బ. ఎడమచేతి సిటికెన పుల్ల అంచు మీద పడితే సన్నటి టకటక. నీ స్వరం ఆ నడిమి దెబ్బ మీద పడాలి. సిటికెన పుల్ల ఆడే జాగాలో నువ్వు నోరు మూసుకోవాలి. అంతే సూత్రం. ఈ ఒక్కటి పాటిస్తే పది రోజుల్లో నువ్వు వినబడతావు. డప్పుకు లోతు తక్కువైనచోట నువ్వు లోతు ఇస్తావు, నీకు పదును తక్కువైనచోట డప్పు పదును ఇస్తుంది. జనానికి రెండు వాద్యాలు వినబడవు, ఒకటే పెద్ద గుండె కొట్టుకున్నట్టుంటుంది.

ప్రాక్టీసుకు గది దొరకకపోతే డప్పు అన్న పది నిమిషాలు కొట్టింది ఫోన్‌లో రికార్డు చేసుకో. ఇయర్‌ఫోన్ పెట్టుకుని దాని మీద ఒకే ఒక్క స్వరం వాయించు. పది నిమిషాలూ ఒకటే. విసుగొస్తుంది, రానియ్యి. విసుగు పోయినంక కాలు కదలడం మొదలైతే పని అయినట్టే. జనం ఎగిరేకొద్దీ డప్పు వేగం పెరుగుతుంది. అది దాని స్వభావం, దాని అందం. పాడే చెల్లెకు ఊపిరి అందేటట్టు ఆ వేగాన్ని కొంచెం వెనక్కి పట్టుకోవడం నీ బాధ్యత. ఇంకోటి. చల్లగాలికి డప్పు తోలు సడలుతుంది, మళ్లీ మంట పెట్టి కాస్తారు. "ఇంకా ఎంతసేపు" అని గునిగే గిటారు పిల్లలను చూశాను. నువ్వు నీ తీగలు శృతి చేసుకునే పది నిమిషాలు ఎంత గౌరవమైనవో డప్పు కాపే పది నిమిషాలు కూడా అంతే.

"గిటార్ కొడితే ఆర్టిస్టంటరు" అన్నావు కదా. నిజమే, అంటారు. ఒక ఊర్లో మమ్మల్ని పిలిచి గిటార్, కీబోర్డ్ వాళ్లకు కుర్చీలు వేసి, డప్పు అన్నలకు నేల చూపించారు. అందరం ఒకే వాడ, ఒకే ఆటోలో వచ్చినవాళ్లం. కుర్చీ మనిషికి వేయలేదు, వాద్యానికి వేశారు. ఆ రోజు మేము కుర్చీలు మడిచి పక్కన పెట్టి అందరం నిలబడి వాయించాం. గిటార్ నీకిచ్చిన మర్యాద పక్కవాని డప్పుకు అందకపోతే, అది నీకు కూడా అరువు మర్యాదే. గిటార్ కింద పెట్టిన రోజు తిరిగి తీసుకుంటారు.

డప్పును దాచిపెట్టకుండా స్టేజీ ఎక్కినవాళ్లున్నారు. పా. రంజిత్ పూనికతో పుట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బ్యాండ్ 2018 జనవరిలో చెన్నైలో మొదటిసారి స్టేజీ ఎక్కింది. గానా పాటగాళ్లు, పరై, ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్ అన్నీ ఒకే స్టేజీ మీద. పరై అంటే అక్కడి మన డప్పు. దాన్ని తీసేసి ప్యాడ్ పెట్టుకోలేదు వాళ్లు. మన బ్యాండ్లలో ఈ మధ్య "డప్పెందుకు, ప్యాడ్‌లో ఆ సౌండ్ ఉంది కదా" అనే మాట వినబడుతుంది. ప్యాడ్‌లో సౌండ్ ఉంటుంది, కొట్టే అన్న ఉండడు.

నాలుగోది ప్రాణం సంగతి. నవ్వకుండా చదువు. ఊరి ప్రోగ్రాముల్లో కరెంటు ఎక్కడినుంచో కొక్కెం వేసి తెస్తారు, లేదా జనరేటర్. ఎర్త్ ఉండదు. బేస్ తీగలు ఆంప్ ద్వారా ఒక వైరుకు, మైకు ఇంకో వైరుకు కలిసి ఉంటాయి. చేతులు తీగల మీద, పెదవి మైకుకు తగిలితే ఆ రెండింటి నడుమ తీగవు నువ్వే. 1972 మేలో బ్రిటన్‌లో స్వాన్సీ పట్నంలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదనే, వేలమంది కలలు గనే ఆ చోటనే, ఇట్లనే చనిపోయాడు. కాబట్టి మైకు మిక్సర్, నీ ఆంప్ ఒకే బోర్డు నుంచి తీసుకో. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టేవాని మాట వినకు. మైకు జాలికి టెస్టర్ పెట్టి చూడు. వెలిగితే ఎవరు బతిమిలాడినా మొదలుపెట్టకు. వెలగకపోయినా ఎర్త్ ఉందా అని కరెంటు అన్నను అడుగు. మైకుకు స్పాంజి తొడుగు వేయించు. వాన చినుకు పడితే ఆపేయి. మన ప్రాణాల లెక్క రాసేటోళ్లు తక్కువ, మనమే చూసుకోవాలి.

కొనేవాళ్లకు ఒక మాట. నాలుగు తీగలది చాలు, అయిదు తీగల జోలికి పోకు. మామూలు బేస్ తీగ పొడుగు 34 అంగుళాలు. చిన్న చేతులున్న పిల్లలకు 30 అంగుళాల పొట్టి బేస్ వస్తుంది. మా చెల్లెండ్లు "వేళ్లు అందుత లేవు" అని మానేయకముందే ఈ సంగతి చెప్పండి. పట్టీ వెడల్పుది కొనండి, రోజంతా పత్తి ఏరిన భుజం మీద సన్న పట్టీ కోస్తుంది. తీగల సెట్టు ఖరీదు. వాయించినంక ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిస్తే నెలలు ఎక్కువ వస్తాయి.

చివరికి పేరు సంగతి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే పాటల కంపెనీ ఉండేది. 1960లలో అక్కడి హిట్ పాటలెన్నిటికో బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్, నల్లజాతి కళాకారుడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ప్రపంచంలో బేస్ వాయించేవాళ్లందరికీ ఆయన గురువు లాంటివాడు. కానీ ఏండ్లకేండ్లు ఆ రికార్డుల అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద మొదటిసారి అచ్చయింది. 1983లో చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు గుర్తించింది 2000లో.

పనిని వినడం, మనిషిని వినకపోవడం మనకు కొత్తగా చెప్పాలా? ఊరి పెండ్లికి, చావుకు, జాతరకు డప్పు మోగింది. కొట్టినవాని పేరు ఏ పుస్తకంలో ఉంది? తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని, వెతికి చెప్తున్నా, చాలా తక్కువ చోట్ల ఉంది.

కాబట్టి తమ్మీ, బేస్ విడువకు. డప్పు అన్న పక్కకు జరిగి నిలబడు. ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే పైసలు అందరికీ సమానమని చెప్పు, గిటార్‌కు ఒక రేటు డప్పుకు ఒక రేటు అంటే ఒప్పుకోకు. ఆఖరి పాటకు ముందు సింగర్ చెల్లె చేతికి ఒక కాగితం ఇవ్వు. అందులో ఊరు, ఇంటిపేరుతో సహా అందరి పేర్లు రాయి. డప్పు అన్నలవి మొదట, నీది తర్వాత, పెట్టెలు మోసినవాళ్లవి కూడా. మైకులో నిదానంగా చదవమను. పాట రెండు నిమిషాలు తగ్గినా పర్వాలేదు.

జై భీమ్.