నెలకో గడి, ఊరికో కబురు

అర్లి (టి), గిన్నెధరి, సిర్పూర్ (యు). చలి ముదిరిందంటే పేపర్లో ఈ మూడు పేర్లు తప్పవు. రాష్ట్రంలో అందరికన్నా ముందు వణికేది ఉమ్మడి ఆదిలాబాదే. కొన్నేళ్ళు అక్కడ 5 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. మా కరీంనగర్‌ది అంత చలి కాదు. అయినా మానేరు డ్యామ్ గాలి తగిలే కాలనీల్లో పొద్దున ఏడు దాటితే గానీ వాకిట్లో చీపురు చప్పుడు వినబడటం లేదు. సందుగుల్లోంచి, అటకల మీది నుంచి బొంతలు దిగాయి. బొంతలు దిగాయంటే మా గడుల లెక్కలు కూడా బయటికొస్తాయి. ఎవరిది వచ్చింది, ఎవరిది రాలేదు, ఎవరు రేపు మాపంటూ నెట్టుకొస్తున్నారు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. మేం పన్నెండు మందిమి. కొందరం కరీంనగర్‌లో, మిగతావాళ్ళు సిరిసిల్ల, జగిత్యాల, జైనథ్, ఉట్నూరు వైపు. అక్కచెల్లెళ్ళం, వదినా మరదళ్ళం, వాళ్ళ తోటికోడళ్ళు. బొంత పైపొరలో వచ్చే ఒక్కో చదరాన్ని గడి అంటాం. నెల మొదట్లో చీటీ తీస్తాం. ఎవరి పేరొస్తే ఆ నెల అందరూ ఆమెకే తలా ఒక గడి కుట్టాలి, రంగులు ఆమె చెప్పినవే. అమావాస్యకల్లా చేర్చాలి. ఉగాది నుంచి ఉగాదికి ప్రతి ఇంటికీ పన్నెండు చేతుల కుట్టుతో ఒక బొంత. చిట్టీ అన్నమాట, డబ్బుల బదులు బట్ట.

అమెరికా క్విల్టు సంఘాల్లో ‘బ్లాక్ ఆఫ్ ది మంత్’ పాత అలవాటే. నెలకో నమూనా ఇస్తారు, సభ్యులు కుట్టి తెస్తారు. కాన్సస్ సిటీ స్టార్ అనే పేపరైతే 1928 నుంచి 1961 దాకా క్విల్టు నమూనాలు అచ్చేస్తూనే ఉంది, ఆడవాళ్ళు కత్తిరించి దాచుకునేవారు. మాకు పేపరు అక్కర్లేదు, వాట్సాప్ ఉంది. చిట్టీలూ సంఘం లోన్లూ నడిపి నడిపి నెలవారీ లెక్క అందరికీ అలవాటే. చిట్టీకున్న జబ్బు కూడా వెంటే వచ్చింది: ఎత్తుకున్నాక కట్టడానికి చేతులు రావు. చైత్రంలో గడులు అందుకున్నామె ఆషాఢం వచ్చేసరికి “మిషన్ ఖరాబైందక్కా” అంటుంది. దానికి మా సిరిసిల్ల అక్క కనిపెట్టిన మందు ఒకటుంది. అంచుకూ అడుగుపొరకూ కావలసిన బట్ట అందరికీ కలిపి ఒకే థాన్‌లోంచి కొని ఆమె ఇంట్లో పెడతాం. పన్నెండు గడులూ కుట్టిచ్చినవాళ్ళకే ఆ బట్ట, అదీ ఫాల్గుణంలోనే. అప్పటినుంచి మిషన్లు ఖరాబవడం బాగా తగ్గింది.

నిజానికి మన పాత బొంతకు ఈ గడులు లేవు. నేల ఊడ్చి, నూలు చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దాని మీద మెత్తబడ్డ పంచెలు, చిరిగిన చీరలు పొరలు పొరలుగా సర్ది, పైన మళ్ళీ కాస్త మంచి చీర వేస్తారు. ముందు కచ్చా టాకాలు. ఆ తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి, బొంత మీదే కూర్చుని జరుగుతూ జరుగుతూ, వేలెడు వెడంగా వరుసలు. ఎక్కడా కొలత బద్ద ఉండదు, చెయ్యే కొలత. పెన్‌గంగ దాటి అవతలికి పోతే ఇదే గోధడి, కర్ణాటకలో కౌది. ఉత్తర కన్నడ సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కౌదీలకైతే నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలు పువ్వుల్లా నిలబడి ఉంటాయి. ఉట్నూరు చెల్లె ఆ ఫోటో ఎక్కడ చూసిందో, కార్తీకంలో తన బొంతకూ అవి కావాలంది. ఇప్పుడు అందరికీ ఆ పువ్వులు కావాలి! ఆమె తండాలో అద్దాలూ గవ్వలూ కుట్టే చెయ్యి కాబట్టి గడిలో కూడా నాలుగు అద్దాలు వేస్తానంది. మేం వద్దన్నాం. గోడకు వేలాడేసేదానికైతే ఎన్నైనా వేసుకోవచ్చు, రాత్రి బొర్లేటప్పుడు బుగ్గకు గుచ్చుకునేది బొంత ఎట్లవుతుంది?

కొలత దగ్గరే అసలు తిప్పలంతా. అమెరికావాళ్ళ గడి మామూలుగా 12 ఇంచులు. ఆ లెక్కన పన్నెండు గడులు మూడు అడ్డం, నాలుగు నిలువు పేరిస్తే 36 ఇంచుల వెడల్పు, 48 పొడవు. పసిపిల్లలకు సరిపోతుంది, మనకు మోకాళ్ళ దాకా వస్తుంది. అందుకని మేం 18 పెట్టుకున్నాం. నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఒక మనిషి నిండా కప్పుకోవచ్చు. కుట్టు లోపలికి నాలుగు వైపులా పావు ఇంచు పోతుంది కాబట్టి గడి పద్దెనిమిదిన్నరకు ఉండాలి. తొమ్మిది ముక్కల గడిలో ఒక్కో ముక్క ఆరున్నర ఇంచులు. ఇంతవరకు కాగితం మీద బాగానే ఉంటుంది. వరుసకు రెండు కుట్లు. కుట్టు దగ్గర రెండు ముక్కల్లోనూ అరపావు ఇంచు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, అంటే సూది కాస్త పక్కకు జరిగిందనుకోండి, గడి మొత్తం అర ఇంచు కుంచించుకుపోతుంది. అట్లాంటి గడి పక్కన సరైన గడి పెట్టి కుడితే మధ్యలో బుంగ లేస్తుంది. కుట్టింది ఎవరో అందరికీ తెలుసు, అనేవాళ్ళు ఉండరు, ఆ నెలంతా గ్రూపులో నమస్కారం బొమ్మలే.

అందుకని ఇప్పుడు సూత్రం మార్చాం. డిజైన్ ఎవరిష్టం వాళ్ళది. తొమ్మిది ముక్కలైనా సరే, పట్టీలైనా సరే, త్రికోణాలైనా సరే. కానీ గడి 19 ఇంచులకు పైగా ఉండాలి, అంచులు కొయ్యకుండా పంపాలి. కోత ఒక్క చేతి మీదే జరగాలి, ఆ చెయ్యి సిరిసిల్ల అక్కది. ఆమె పెద్ద అట్ట మీద పద్దెనిమిదిన్నర చదరం గీసి పెట్టుకుంది. వచ్చిన గడిని ఇస్త్రీ చేసి, నడిమి గుర్తు కలిపి, నాలుగు వైపులా ఒక్క తీరుగా కోస్తుంది. నమూనా ఒక్కటే ఉండాలని పట్టుబట్టే సంఘాలు ఉంటే ఉండనీయండి. పన్నెండు మంది ఆడవాళ్ళతో ఒకే నమూనా కుట్టించడం కన్నా పన్నెండు ఊళ్ళకు ఒకే బస్సు నడపడం సులువు.

ఇక బట్ట సంగతి. నూలే. ఈ విషయంలో వాదం లేదు, అలకలు మాత్రం ఉన్నాయి. 2017 నుంచి 2023 దాకా ఏటా వచ్చిన బతుకమ్మ చీరలు ఏ ఇంట్లో చూసినా నాలుగైదు ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరకాలని నేయించినవి. కట్టినా కట్టకున్నా పారేయబుద్ధి కాదు, “మనూరి మగ్గం మీదిదే, బొంతల ఎందుకు పనికి రాదే?” అని అక్కకు కోపం. పనికి రాదని కాదు. పాలిస్టర్ జారుతుంది, పొరలు కదులుతాయి, చెమట పీల్చదు, ఇస్త్రీ పెట్టె తగిలితే ముడుచుకుపోతుంది. చివరికి మధ్యే మార్గం: గడుల్లోకి నూలు, బొంతలు చుట్టి దాచే ముసుగు సంచులకు బతుకమ్మ చీర. 2025 నవంబర్ 19 నుంచి పంచిన ఇందిరమ్మ చీరలు కూడా సిరిసిల్లవే. అవి ఇంకా కొత్తవి కాబట్టి ఇప్పుడే ఎవరూ వాటి మీద చెయ్యి వేయరు.

బొంత బట్టకు జూన్ మంచి నెల. 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు సంఘాల ఆడవాళ్ళే కుడుతున్నారు. ఆ సీజన్లో మిషన్ల కింద పోగయ్యే ముక్కలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అవి పూర్తి నూలు కాదు, గట్టివి మాత్రం. అంచులకు పనికొస్తాయి. కొత్త నూలు ముక్క ఏదైనా సరే, ముందు నీళ్ళలో తీసి ఆరేయందే కత్తెర పెట్టొద్దు. ఎరుపు అయితే ఒక రాత్రంతా నీళ్ళలో నానాలి, అప్పటికీ రంగు పోతుంటే దాన్ని పక్కన పడేయాలి. ఆశ్వయుజంలో ఎత్తుకున్న మరదలు తంగేడు పసుపు, గునుగు పువ్వు గులాబీ కావాలంది. అందరం సరదాపడి కుట్టాం. ఎంత బాగుందో! పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా ఆ తొమ్మిది రోజులు సూది ఎవరూ ముట్టలేదు. ఆ తర్వాతే గడులు వచ్చాయి, వచ్చినవన్నీ మంచి ఉషారుగా వచ్చాయి.

మార్గశిరం మాత్రం ఎన్నికలకే పోయింది. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు. ఊళ్ళల్లో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక ఇంటి కోసం తిరగాల్సిందే. జగిత్యాల వదిన తోటికోడలు వార్డు మెంబరుగా నిలబడింది, గెలిచింది. శాలువాలు కప్పించుకున్న ఫోటోలు గ్రూపులో వరసగా వచ్చాయి. గడి రాలేదు. “శాలువాలే కోసి గడి చేస్తుందేమో అడగవే” అని వదినను మేం ఏడిపిస్తున్నాం.

జైనథ్ చిన్నమ్మది మరో కథ. అక్టోబర్ చివర మొంథా తుపాను వానలకు పత్తి తడిసింది. ఆరబెట్టి అమ్ముదామంటే సీసీఐ దగ్గర తేమ 12 శాతం దాటొద్దు, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరకాలి. 2025-26 సీజన్లో పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట ప్రైవేటోళ్ళు అంతకన్నా తక్కువ అడుగుతున్నారని ఆమె బాధ. కొడుకు ఫోన్ పట్టుకుని స్లాటు కోసం కూర్చుంటే ఆమె కూలీలతో కలిసి రెండో ఏరుడుకు పోయింది. గడి ఏమైందని అడిగితే గ్రూపులో గొంతు పంపింది: “ఇంటినిండ పత్తే బిడ్డా, సూదిల దారం ఎక్కియ్యనీకి మాత్రం పుర్సత్ లేదు.” ఆమెకు గడువు పెంచాం. పత్తి ఏరే నెలల్లో పత్తి రైతింటి ఆడమనిషిని గడి అడగొద్దన్నది వచ్చే ఏడాదికి కొత్త నియమం. ఆ గడులు ఆమె ఎండాకాలంలోనే ముందుగా కుట్టి పెడుతుంది.

గడులు చేరవేయడం ఒకప్పుడు పెద్ద బెడద. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక ఆ దిగులు పోయింది. కొరియర్ ఎందుకు, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. జీరో టికెట్టు మీద గడి వస్తుంది, దాంతోపాటు సకినాలూ వస్తాయి. సంక్రాంతి ముందు వచ్చిన సంచుల్లో గడి ఏ మూలనో ఉంటుంది, నూనె మరక అంటకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టమని చెప్పి చెప్పి నోరు నొప్పి.

ఇప్పుడు జాతరల వంతు. పుష్య అమావాస్య, అంటే జనవరి 18న కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి గోదావరి జలం మోసుకొచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. అక్కడి చలికి బొంత లేనివాడికి నిద్ర లేదు. పది రోజులు తిరిగేసరికి మేడారం, జనవరి 28 నుంచి 31 దాకా. రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మలను కాదని కరీంనగర్ వాళ్ళు ఎవరూ ఇంట్లో కూర్చుని సూది పట్టరు. బెల్లం తూకం వేయించుకునేదెవరు, కోడిని పట్టేదెవరు, పిల్లల్ని ఎత్తుకునేదెవరు. కాబట్టి మాఘం గడి మాఘంలో లేదు, ఫాల్గుణం దాంట్లో కలిపేశాం. ఈ కార్యక్రమం నడిపేవాళ్ళు ముందు కొనాల్సింది మంచి కత్తెర కాదు, పంచాంగం.

పంచాంగం అంటే గుర్తొచ్చింది. మార్చి 19న పరాభవ నామ సంవత్సరం. అందులో అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. అంటే పదమూడు నెలలు, మనుషులమేమో పన్నెండు మందిమే. పదమూడో నెల గడులు ఎవరికి? చిట్టీ నడిపేవాళ్ళకు మొదటి పాట ఊరికే ఇస్తారు గదా, నాకిచ్చేయండి అన్నాను. ఒక్కరూ పలకలేదు. అధిక మాసంలో అల్లుళ్ళకు పెట్టుపోతలు ఉంటాయి, అల్లుడికే బొంత పెడదామని ఒకరు. కొత్తల్లుడికి అతుకుల బొంత పెడితే వియ్యంకురాలు ఏమంటుందో తెలుసా అని ఇంకొకరు. చివరికి తేలిందేమంటే, పెద్దపల్లిలో ఇచ్చిన మా మరదలి బిడ్డకు ఇది తొలికాన్పు. ఆ నెల గడులు 12 ఇంచులకే కుట్టి పసిబిడ్డ బొంత చేద్దాం. పాత నూలు చీరలే, ముదురు రంగులు వద్దు, గుండీలు హుక్కులు ఉన్న ముక్కలు అసలే వద్దు.

ఇక మిగిలిన చీటీలు రెండు, సిరిసిల్ల అక్కదీ జైనథ్ చిన్నమ్మదీ. నెలలు కలిపేశాం కాబట్టి చీటీ తీసే పని లేదు. ఫాల్గుణంలో తలా రెండు గడులు: అక్కకు నీలం, తెలుపు. చిన్నమ్మ రంగులేమీ చెప్పలేదు, “ఏదైతేంది, వెచ్చగుండాలె” అంది. వార్డు మెంబరమ్మ మాత్రం పాత బాకీతో కలిపి మూడు పంపాలి.