పద్నాలుగేళ్లకే తీర్పు రాసేయొద్దు

ఇది కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి. మీ ఇంట్లో ఎనిమిదో తరగతికీ ఇంటర్‌కీ మధ్యలో ఎవరైనా ఉంటే వాళ్లకూ చదివి వినిపించండి.

చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివిన మేమంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట విన్నవాళ్లమే: "మీ బుర్రకు లెక్కలు ఎక్కవురా." అన్నవాళ్లు ఆ రోజే మర్చిపోయి ఉంటారు. విన్న మేము మర్చిపోలేదు. మాతో ఆరో తరగతిలో చేరినవాళ్లందరూ పదో తరగతి దాకా రాలేదు. కొందరు మిరప కోతలకు పోయి అటే ఆగిపోయారు. కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేశారు. కొందరైతే "నాకు చదువు రాదు" అని తమకు తామే తేల్చుకున్నారు. ఆ వయసులో అట్లా తేల్చేయడం ఎంత తప్పో మెదడు గురించి చదివాక మాకు బాగా అర్థమైంది.

ఆరేళ్లు వచ్చేసరికే మన మెదడు సైజు పెద్దవాళ్ల మెదడులో 90 శాతం దాకా వచ్చేస్తుంది. అందుకే చిన్నప్పుడే మెదడు పని అంతా అయిపోతుందని చాలాకాలం అనుకునేవారు. అమెరికాలో జే గీడ్ అనే డాక్టరు, ఆయన జట్టు కలిసి పిల్లలు పెరిగేకొద్దీ వాళ్ల మెదళ్లను ఎంఆర్ఐ స్కాన్ తీస్తూ వచ్చారు. 1999లో వాళ్లు బయటపెట్టిన ఫలితాలు చూస్తే, సైజు అయిపోయినా లోపల పని ఆగదని తేలింది. టీనేజీ అంతా ఆ పని జోరుగా నడుస్తుంది. అన్నిటికంటే ఆఖరున తయారయ్యేది నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ముందూ వెనకా ఆలోచించడం, కోపాన్ని ఆపుకోవడం, రేపటి పని ఇవాళే ప్లాన్ చేసుకోవడం దాని పనులు. అది పూర్తిగా తయారయ్యేసరికి పాతికేళ్లు దగ్గర పడతాయి.

ఆ లోపల జరిగే పనేంటో మన అడవిలో కాలిబాటలు చూస్తే తెలుస్తుంది. రోజూ నడిచే బాట గట్టిపడుతుంది. ఎవరూ నడవని బాట రెండు వానలకే పొదల్లో కలిసిపోతుంది. మెదడు కణాల మధ్య దారులూ అంతే. వాడనివి తెగిపోతాయి. వాడే దారుల మీద మైలిన్ అనే కొవ్వు పొర పట్టి, కబురు వేగంగా పోతుంది. రోజూ నాలుగు లెక్కలు చేసినా, రోజూ నాలుగు గంటలు రీల్స్ చూసినా మెదడు ఆ దారినే గట్టి చేస్తుంది. ఏది మంచి దారో అది చూసుకోదు.

ఇంకో చిక్కు ఉంది. కోపం, సంతోషం, ఉత్సాహం పుట్టించే భాగాలు టీనేజీలో ముందే జోరు అందుకుంటాయి. బ్రేకు వేసే ముందుభాగం వెనకబడి వస్తుంది. పక్కన దోస్తులుంటే ఇంకా కష్టం. 2005లో అమెరికాలో గార్డ్నర్, స్టీన్‌బర్గ్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే దోస్తులు చూస్తుంటే టీనేజీ పిల్లలు చాలా ఎక్కువ సాహసం చేశారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. జాతర రోజు ఒకే బండి మీద ముగ్గురు ఎక్కి ఘాట్ దిగే మన తమ్ముళ్లను చూస్తే దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

అయితే ఈ తెగువను చెడ్డదని అనుకోవద్దు. 2014 మే 25న గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమార్ మన ఉమ్మడి ఖమ్మం జిల్లా పిల్లాడే. ఇద్దరూ గురుకులంలో చదువుకున్నవాళ్లే. వాళ్లవీ టీనేజీ మెదళ్లే. కానీ భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో వాళ్లకు శిక్షణ దొరికింది, పక్కన నేర్పేవాళ్లు ఉన్నారు. మా బాధల్లా అదే: మన పిల్లల్లో తెగువకు కొదవ లేదు, ఆ తెగువకు దారి చూపేవాళ్లే తక్కువ.

చేతిలో ఉన్న పనులు కొన్ని చెప్తాం. టీనేజీలో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, అందుకే పొద్దున లేవలేరు. దాన్ని బద్ధకం అని తిట్టకండి. 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హాస్టల్లో తెల్లారకముందే లేపుతారు కాబట్టి ఇంటికొచ్చినప్పుడు కూడా రాత్రి ఫోన్ పక్కన పెట్టించండి. రక్తం తక్కువైతే చదువు మీద ధ్యాస నిలవదు. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోళీని కిటికీలోంచి పారేయకుండా అన్నం తిన్నాక వేసుకోమనండి. వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఇంట్లో కోయ మాట్లాడితే తెలుగు, ఇంగ్లీషు రావన్నది ఉత్త మాట. పిల్లల మెదడు రెండు మూడు భాషలు మోయగలదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. 18 నిండకుండా పెళ్లి చేయడం చట్టరీత్యా నేరం, అది అందరికీ తెలిసిందే. పదిహేనేళ్లకు పెళ్లి చేస్తే, మంచీ చెడూ తూచుకునే భాగం ఇంకా తయారవుతుండగానే ఆ పిల్ల మీద సంసారం మొత్తం పెడుతున్నాం. ఎక్కడైనా అట్లాంటి మాట వినపడితే ముందు పెద్దలతో మాట్లాడండి. వినకపోతే 1098కి ఫోన్ చేయండి.

పదిలో తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ఉంది. మధ్యలో ఆపేసినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల తమ్ముడు "ఇప్పుడేం వస్తదన్నా" అంటే, మెదడు తయారవడానికే ఇంకా ఏడేళ్లు ఉన్నాయని చెప్పండి.

మన ప్రతి ఊళ్లో చదువు ఆపేసిన పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. ఈ వేసవి సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క పిల్లాడినో పిల్లనో పట్టుకుని, రోజూ ఒక గంట కూర్చోబెట్టి చదివిద్దాం. ఆ పిల్లల పేర్లు గ్రూపులో పెట్టకండి. నేరుగా వాళ్ల ఇంటికే వెళ్లండి.