ఈసారి ఎల్.ఎఫ్.సి.

మా బళ్ళారిలో మంచు అంటే ధనుర్మాసంలో, తెల్లవారుజామున ముగ్గు పెట్టే వేళ కనిపించేదే. ఎండపొడ తగిలితే ఉండదు. కాశ్మీరు కొండల మీద అడుగుల మందాన పేరుకునేదాన్ని కూడా మనం మంచే అంటాం. ఆ రెండో మంచు చూడాలని మా ఆవిడ పెళ్ళయిన ఏడాదే అడిగింది.

నేను బ్యాంకువాణ్ణి. ఎల్.ఎఫ్.సి. వచ్చినప్పుడల్లా ప్రయాణం మాని డబ్బు తీసుకున్నాను. ఒకసారి ఇంటి పైకప్పుకి, ఒకసారి అమ్మాయి ఫీజుకి, ఒకసారి తమ్ముడి పెళ్ళికి. పద్దులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ కోరికే ఏ పద్దులోకీ ఎక్కలేదు.

ఈ ఫిబ్రవరికి గుల్మర్గ్ అనుకున్నాం. శ్రీనగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి కొండ మీదికి రోప్‌వే ఉంది. 1998లో మొదలైన తొలి అంచె కొంగ్‌డూరి దాకా. 2005లో వచ్చిన రెండోది అఫర్వాట్ దాకా, అంటే సుమారు 3,950 మీటర్లు. స్కీయింగ్ నేర్చినవాళ్ళు అక్కణ్ణుంచి జారుతూ దిగుతారట. మాకంత సరదా లేదు, చూస్తే చాలు.

నిరుడు నాకు స్టెంటు వేశారు. మొదటి అంచె దాకా ఫరవాలేదు, పైకి వద్దన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. చెబితే ప్రయాణమే మానేస్తుంది.

నిన్న రాత్రి ఖర్చుల కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

"ఏమండీ, పైదాకా నా ఒక్కదానికే టిక్కెట్టు తీసుకోండి. మీరు కింద టీ తాగుతూ కూర్చుందురుగాని" అంది.

మందుల డబ్బాలో డాక్టరు చీటీ ఎప్పుడు చూసిందో!

రెండో అంచె ఎదురుగా ఉన్న 2 కొట్టేసి, 1 వేశాను.