ఖాళీ రోజులు

అన్న ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి రెండేళ్లయింది. అమ్మానాన్నల మొదటి విదేశీ ప్రయాణానికి ప్లాన్ నేనే వేశాను: పది రోజులు, ఆరు ఊర్లు, అన్నీ రైల్లోనే. మానవపాడు స్టేషన్లో రైళ్ల కోసం గంటలకొద్దీ కూర్చున్న మా నాన్న అంతా విని ఒకటే అడిగాడు: "ఎక్కుడు దిగుడే ఉంది గదరా, వానితో కూర్చునేదెప్పుడు?"

మళ్లీ మొదలుపెట్టాను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్ మూడున్నర గంటల లోపే. కానీ దిగేది గార్ దు నోర్‌లో, జూరిచ్ రైలెక్కేది గార్ ద లియోన్‌లో. సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడకు ఉరికినట్టే! అమ్మ మోకాళ్లు గుర్తొచ్చి జూరిచ్ కొట్టేశాను. తర్వాత మిగతావీ పోయాయి.

పారిస్‌లో మూడు రాత్రులు, ఆరు రాత్రులు అన్న ఇంట్లో. ఎక్కువ రోజులు నెదర్లాండ్స్‌లోనే కాబట్టి షెంగెన్ వీసాకు దరఖాస్తూ ఆ దేశానికే.

కాగితం మీద ఖాళీగా ఉన్న రోజుల్ని వేలితో లెక్కపెట్టి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు నాన్న.