ముంగిట రాలిన పక్షి

ఇంటి ముంగిట నొక పక్షి చచ్చి పడియున్నచో మనమేమి చేయుదుము? కొందఱు చీపురుతో వీథిలోనికి త్రోసివేయుదురు. కొందఱు జాలిగొని చేతులలోనికి తీసికొందురు. మొదటిది నిర్దయ. రెండవది దయయే కాని, వివేకము తోడు లేని దయ. ఈ రెంటికి నడుమ సరియైన మార్గమొకటి కలదు.

గడచిన శీతకాలమున నొకనాటి యుదయమున మా పెరటి కిటికీ క్రింద పాలపిట్ట యొకటి చచ్చి పడియుండెను. కిటికీ యద్దముపై ఱెక్కల ముద్ర కానవచ్చుచుండెను. అద్దములో ప్రతిఫలించిన చెట్లను నిజమైన చెట్లని భ్రమించి, వేగముగా వచ్చి కొట్టుకొని పక్షులు మరణించుట కలదు. దసరానాడు ఏ పక్షిని చూచుట శుభమని పెద్దలు చెప్పుదురో, ఆ పక్షియే యట్లు పడియుండుట చూచి మా మనుమరాలు కన్నీరు పెట్టుకొనెను. "తాతయ్యా! ఒక్క నీలి యీక తీసి నా పుస్తకములో దాచుకొందునా?" అని యడిగెను.

వలదంటిని. ఏల వలదో చెప్పుటయు నా బాధ్యతయే గదా!

మొదటి కారణము వ్యాధిభయము. చచ్చిన పక్షి దేహమున కంటికి కనబడని రోగక్రిము లుండవచ్చును. బర్డ్‌ఫ్లూ అట్టి వ్యాధి. మన దేశమున 2006లో మహారాష్ట్రలోని నవాపూరు కోళ్లలో అది తొలిసారి బయల్పడెను. 2021 జనవరిలో రాజస్థాన, మధ్యప్రదేశ రాష్ట్రములలో కాకులు దానిచే మరణించెను. 2024లో నెల్లూరు జిల్లాలోను, 2025లో గోదావరి జిల్లాలలోను కోళ్లకు సోకెను. మనుష్యులకు సోకుట అరుదు. సోకినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

రెండవ కారణము చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, అందలి పట్టికలలో చేరిన పక్షి మృతదేహము ప్రభుత్వపు సొత్తు. దానిని మన సొంతము చేసికొనరాదు.

కావున చేయవలసిన దేమనగా, ఒట్టి చేతులతో తాకరాదు. పసిపిల్లలను, కుక్కలను, పిల్లులను దూరముగా నుంచవలెను. ఒకేచోట పెక్కు పక్షులు చచ్చినను, చుట్టుపట్ల కోళ్లు చచ్చుచున్నను, దేనిని కదలింపక పశువైద్యశాలకు తెలుపవలెను. నమూనాలు భోపాలులోని జాతీయ ప్రయోగశాలలో పరీక్షింపబడును. కాలికి లోహపు కడియమున్నచో దానిపైనున్న అక్షరములను, సంఖ్యను వ్రాసికొనవలెను. 1883లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పక్షుల వలసలను తెలిసికొనుటకై అట్టి కడియములు తొడుగుదురు. ఆ సంఖ్యను వారికి తెలిపినచో, ఆ పక్షి యెచ్చటనుండి యెచ్చటికి వచ్చెనో తెలియును.

మేము అటవీశాఖవారికి ఫోను చేసితిమి. వారు వివరములు వ్రాసికొని పాతిపెట్టుడని చెప్పిరి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగికొని, పారతో ఎత్తి, బావికి దూరముగా లోతైన గొయ్యి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చితిమి. పిమ్మట సబ్బుతో చేతులు కడిగికొంటిమి. మనుమరాలు ఈకకు బదులుగా తన పుస్తకములో ఆనాటి తేదీని, పక్షి రంగులను, అది పడిన చోటును వ్రాసికొనెను. ఆ కిటికీకి వెలుపల తీగెల పందిరి కట్టించితిని.

పక్షి చావును చిన్నవిషయమని త్రోసివేయరాదు. 1990 తరువాత మన దేశమున రాబందులు గుంపులుగా నశించెను. పశువుల కిచ్చు డైక్లోఫినాక్ అను మందు, ఆ పశువుల కళేబరములద్వారా రాబందుల మూత్రపిండములను చెఱచుచున్నదని 2004లో లోకమునకు వెల్లడియయ్యెను. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. చచ్చిన పక్షులను పరీక్షించి చూచినవారు లేకున్నచో ఆ కారణము బయటపడి యుండెడిది కాదు.

విద్యార్థులారా! బ్రతికిన పక్షి పాటతో మనల నానందింపజేయును. మరణించిన పక్షియు మనకొక వార్త చెప్పును. ఆ వార్తను వినుటకు చేతులకంటె ముందు కన్నులకు పని చెప్పుడు. దయకు వివేకము తోడైననే అది ఇతర ప్రాణులకును, మనకును మేలు చేయును.