ఎవరి పీట వారికి

వయొలిన్ అంటే వినేవాళ్లకు ఒక వాద్యం. కంప్యూటర్ ముందు కూర్చుని బాణీ కట్టేవాడికి అది వందల ముక్కలు. కమాను నిదానంగా లాగితే ఒక శబ్దం, చురుగ్గా తాకిస్తే ఒకటి, తీగను వేలితో మీటితే మరొకటి. ప్రతి స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, మళ్లీ మళ్లీ వాయించి రికార్డు చేస్తారు. ఎందుకంటే ఒకే ముక్క పదేపదే వినిపిస్తే యంత్రం వాయిస్తోందని చెవి ఇట్టే పట్టేస్తుంది. ఈ ముక్కలనే శాంపిల్స్ అంటారు. 2019లో వచ్చిన బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా శాంపిల్స్ కోసం లండన్‌లోని మేడా వేల్ స్టూడియోలో 99 మంది కళాకారులు వాయించారు.

అంతమంది ఇంట్లోకి వచ్చేశారు సరే, ఎవరికి ఎక్కడ పీట వేయాలి?

కొత్త కుర్రాళ్లు తడబడేది ఇక్కడే. అర్ధరాత్రి ఓ బాణీ తడుతుంది. దానికి ఓబో కావాలి. అదెక్కడుందో వెతికి, తెరిచి, లోడయ్యేదాకా ఆగేసరికి బాణీ కాస్తా జారిపోతుంది. పోయిన ఫైలైతే ఎప్పటికైనా దొరుకుతుంది. పోయిన బాణీ దొరకదు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందే ఒక టెంప్లేట్ సిద్ధం చేసుకుంటారు. కాగితం మీద సింఫనీలు రాసేవాళ్లు పాటించే వరసే దీనికీ ఆధారం. పైన ఫ్లూట్, ఓబో, క్లారినెట్, వాటి కింద ట్రంపెట్ వంటి ఇత్తడి వాద్యాలు, తర్వాత డ్రమ్ములు, అడుగున వయొలిన్ కుటుంబం. ఒక్కో గుంపుకి ఒక్కో రంగు. ట్రాక్ పేరులో కంపెనీ పేరు కన్నా వాద్యం, వాయించే తీరు ఉంటే వెతుకులాట తప్పుతుంది. అరుదుగా వాడేవాటిని నిద్రపుచ్చితే కంప్యూటర్‌కు బరువు తగ్గుతుంది. అన్నిటి స్థాయినీ ముందే సరిచూసుకోవాలి. లేకపోతే ఒక్క ఫ్లూట్ ట్రంపెట్లన్నిటినీ మింగేస్తుంది.

కొందరు మాత్రం సర్దడంలోనే నెలలు గడిపేస్తారు. కొత్త శాంపిల్స్ వచ్చాయనగానే అంతా విప్పి మళ్లీ మొదలు. పందిరి వేస్తూనే ఉంటే పెళ్లెప్పుడు? అరడజను వాద్యాలతో మొదలుపెట్టి, పాట అడిగినప్పుడల్లా ఒకటి చేర్చుకుంటూ పోవడమే మేలు.

చేర్చే ముందు ప్రతిదాన్నీ తీరిగ్గా వినాలి. మీట నొక్కి పట్టుకుంటే ఫ్లూట్ ఆగకుండా మోగుతుంది. స్టూడియోలో దాన్ని ఊదిన మనిషికి మాత్రం మధ్యలో ఊపిరి తీసుకోక తప్పలేదు. ఆ ఊపిరికి చోటు టెంప్లేట్ ఇవ్వదు. బాణీ కట్టేవాడే ఇవ్వాలి.