గట్టి చట్నీ, గెట్టి చట్నీ

మదరాసు వస్తున్నాం, ఏం చూపిస్తారు, ఎక్కడ తినిపిస్తారు అని మన చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా మేము ఒకటే దారి చెప్తున్నాం. పోయిన సంక్రాంతి తర్వాత జేజి వచ్చినప్పుడు ఒక ఆదివారం తిరిగిన దారి అది.

ముందు ఇంటి సంగతి. మన కోలారులో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మేమిద్దరం కన్నడ మీడియంలో చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని మీద ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయింది. పాప ఇక్కడే పుట్టింది. బడిలో తమిళం, వీధిలో తమిళం. మేము తెలుగులో అడిగితే జవాబు తమిళంలో వస్తుంది. మాకు అది అలవాటైపోయింది. జేజి వచ్చిన రెండో రోజే అడిగింది: "ఈ బిడ్డ నాతో మాట్లాడదేమి? నా మాట దానికి తెలీదా?" మేము తలెత్తలేకపోయాం.

ఆదివారం పొద్దున్నే మైలాపూరు పోయాం. అక్కడ ఒక చిన్న సందులో రాయర్ మెస్ ఉంది. ఇడ్లీ, పొంగలి, వడ, వాటితో పచ్చిమిరపకాయల ఘాటున్న చట్నీ. బయట నిలబడి మన వంతు కోసం కాచుకోవాలి. లోపల కూర్చున్నాక పాప జేజి వైపు తిరిగి "గెట్టి చట్నీ వేణుమా?" అనింది. జేజి వెంటనే "గట్టి చట్నీనే ఎయ్యమను, నీళ్ళది నాకొద్దు" అనింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారం రోజుల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే.

అక్కణ్ణించి కపాలీశ్వరుడి గుడి, మాడవీధులు. అక్కడి కాళత్తి అంగడిలో రోజ్ మిల్క్ తాగకుండా రావద్దు. తమిళం బోర్డు చదివేది మాకు రాదు, పాపే చదివింది. తమిళంలో మన శ్రీకాళహస్తిని తిరుక్కాళత్తి అంటారని చెప్తే జేజి రోజ్ మిల్క్ గ్లాసు పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది.

దగ్గర్లోనే లజ్‌లో నాగేశ్వరరావు పార్కు. చెట్ల నీడ బాగుంటుంది, పెద్దవాళ్ళు కాసేపు కూర్చోవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టి 1914లో మదరాసుకు తెచ్చాడు. జేజి సంచిలోంచి తన అమృతాంజనం సీసా తీసి చూపించి, "ఈ తలనొప్పి మందు డబ్బుతోనా పేపరు నడిపినాడు?" అని అడిగింది.

తర్వాత ఆటోలో రాయపేట హైరోడ్డు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజులకు డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. ఆయన అడిగింది మదరాసుతో కూడిన ఆంధ్ర. 1953 అక్టోబరు 1న మదరాసు లేకుండానే ఆంధ్ర వచ్చింది. మన కోలారు అప్పుడూ మైసూరులోనే ఉంది. అయినా ఆ గోడ ముందు జేజి చాలాసేపు నిలబడింది.

అక్కడి తెలుగు అక్షరాలు మేము కూడబలుక్కుని చదివాం. కన్నడం వచ్చినవాళ్ళకు తెలుగు చాలావరకు తెలిసిపోతుంది, త, శ, చ దగ్గర మాత్రం తడబడతాం. కన్నడంలో అడ్డగీతలాగా ఉండే తలకట్టు తెలుగులో టిక్కు మార్కులాగా ఉంటుంది. మా టెస్టింగ్ పనిలో టిక్కు పడిందంటే పాసైనట్టు! పాప తన పేరు తెలుగులో ఎట్లా రాస్తారని అడిగింది. ఒక అక్షరం దగ్గర మాకే అనుమానం వచ్చింది. ఫోన్లో చూసుకుని రాసిచ్చాం.

మధ్యాహ్నం భోజనానికి టి.నగర్‌లో ఆంధ్రా క్లబ్. అక్కడికి దగ్గర్లోనే పానగల్ పార్కు ఉంది. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా, మన తెలుగాయన పానగంటి రామారాయణింగారి పేరది. పప్పు, పొడి, నెయ్యి వచ్చేసరికి జేజి, పాప ఆట మొదలుపెట్టారు. జేజి నెయ్యి అంటే పాప నెయ్ అంటుంది. అప్పడం అంటే అప్పళం. పొడి అంటే పొడే. పప్పు అంటే పరుప్పు. "మనం బ్యాళ్ళు అంటాం కదా" అని జేజి సరిదిద్దింది. గోంగూరను పాప పుళిచ్చకీరై అనేసరికి ఆట ఓడిపోయి ఇద్దరూ నవ్వారు.

ఇన్నాళ్ళూ పాపకు తెలుగు నేర్పాలంటే పుస్తకం కొనాలి, క్లాసుకు పంపాలి అనుకున్నాం. ఇంట్లో మేమే మానేశామని మాకు తోచలేదు. పనికి ఆలస్యమవుతుందని, పాప తొందరగా అర్థం చేసుకుంటుందని మేమే తమిళంలోకి దిగిపోయాం.

జేజి ఊరికి పోయింది. ఇప్పుడు ఆదివారం ఫోన్లో పాప "జేజీ, గట్టి చట్నీ తిన్నావా?" అని అడుగుతుంది. ఆ తర్వాత మాటలన్నీ సగం తమిళమే. జేజి మాత్రం తెలుగు వదలదు.

మీరు వస్తే ఆదివారం పొద్దున్నే బయల్దేరేటట్టు రండి. ఎండ ముదరకముందే మైలాపూరు అయిపోవాలి. పాపతో తెలుగే మాట్లాడండి. జవాబు తమిళంలో వచ్చినా ఆపొద్దు.